బతికున్నవాడికి చప్పట్లు

"చచ్చినవాడివి, నువ్వు తలుపు తియ్యకు," అంది డెనీస్.

గంట మళ్ళీ మోగింది. లేవబోయినవాణ్ణి అలాగే ఆగిపోయాను. ఆదివారం పొద్దున మా ఇంటికి ఎవరూ రారు. మామూలు రోజుల్లోనూ ఎవరూ రారు. నేను పోయాక వస్తున్నారు.

"పొరపాటు జరిగిందని చెప్పి పంపించెయ్."

"నువ్వే చెప్పు. మొహం కడుక్కుని, ఆ డ్రెస్సింగ్ గౌను మార్చుకుని, వెళ్ళి చెప్పు. బతికే ఉన్నానండీ, మీ పూలు మీరు పట్టుకెళ్ళండి అను."

గడప మీద అప్పటికే పూలగుత్తులు పేరుకున్నాయి. గేటుకి ఎవరో ఎరుపూ తెలుపూ చారల మా జట్టు మఫ్లర్ కట్టి పోయారు. ఎదురింటాయన కుక్కని తిప్పుతూ మా గేటు ముందు ఆగి టోపీ తీశాడు. కిందటి నెల చెత్తడబ్బా విషయంలో నన్ను నానా మాటలూ అన్న మనిషి. తెర చాటునించి నేనే చూస్తున్నానని ఆయనకి తెలియదు.

జరిగింది ఇదీ. మా బ్రాక్‌డేల్ టౌన్ ఫుట్‌బాల్ జట్టు ప్రతి ఏడూ ఊళ్ళో ఆడే ఆఖరి మ్యాచ్ విరామంలో ఒక పని చేస్తుంది. ఆ ఏడు పోయిన అభిమానుల పేర్లు పెద్ద తెర మీద వేస్తుంది. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొడతారు. నిన్న ఆ పేర్లలో ఒకటి గ్లెన్ కెర్షా. అంటే నేను. పేరు కింద ఫొటో కూడా వేశారు, జుట్టున్నప్పటిది.

అదంతా ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను.

క్లబ్బు సొంత ప్రసారం అది. ఎదురు గ్యాలరీ కప్పు మీద ఒకే ఒక్క కెమెరా. వ్యాఖ్యాత ఆటగాళ్ళ పేర్లు తప్ప అన్నీ మాట్లాడతాడు. అయినా నాకదే మేలు. వానలో తడవక్కర్లేదు, మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడక్కర్లేదు, చల్లారిన మాంసం కూరిన రొట్టె తినక్కర్లేదు. బంతి కుడి మూలకి పోయినప్పుడల్లా తూర్పు గ్యాలరీ కనిపిస్తుంది. అందులో నా పాత కుర్చీ కూడా. ఇప్పుడు దాంట్లో ఎవడో కుర్రాడు కూర్చుంటాడు, ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూ. వాడి పక్కన మా అన్న రస్సెల్.

నా పేరు పడ్డప్పుడు కెమెరా అటే తిరిగింది. గ్యాలరీ మొత్తం లేచింది. ఫోన్ కుర్రాడు కూడా లేచాడు. ఒక్క మనిషి కూర్చునే ఉన్నాడు.

రస్సెల్.

నిన్న సాయంత్రం క్లబ్బుకి ఫోన్ చేస్తే యంత్రం మాట్లాడింది, సోమవారం రమ్మంది. "పోనీ రస్సెల్‌కి ఒక్క ఫోన్ కొట్టు, పాపం వాడు నిజమనుకుంటాడు," అని డెనీస్ ఒకటే పోరు.

"అనుకోనీ. చచ్చిన తమ్ముడి కోసం కుర్చీలోంచి లేవనివాడికి, బతికున్న తమ్ముడితో పనేంటి?" అన్నాను.

అక్కడితో ఆ మాట ఆగింది. గంట మూడోసారి మోగింది.

"లోపలికి పో," అంది డెనీస్.

మా ఇంటి వీధి తలుపు తీస్తే నేరుగా ముందుగదే. దానికీ నా వెనకగదికీ మధ్య ఒక పల్చటి చెక్క తలుపు. నేను వెనకగదిలోకి పోయి ఆ తలుపు దగ్గరగా వేసుకున్నాను.

"డెనీస్ తల్లీ!"

మొరీన్ గొంతు. టౌన్ మ్యాచ్‌లకి వెళ్ళేవాళ్ళలో మొరీన్‌ని ఎరగనివాళ్ళు లేరు. డెబ్భై దాటింది. జీతం లేకుండా క్లబ్బుకి ఊడిగం చేస్తుంది. పోయినవాళ్ళ పేర్లు పోగుచేసి తెరమీదికి ఎక్కించేది ఆవిడే.

"రా మొరీన్, కూర్చో. నీకొక మాట చెప్పాలి."

"కూర్చోనమ్మా, కూర్చుంటే ఏడుస్తాను. నాకు వేసవిలోనే తెలుసు. రావడానికి మొహం చెల్లలేదు. మా టికెట్ల పిల్ల నీకు ఫోన్ చేసింది చూడూ, గ్లెన్ ఈ ఏడన్నా సీటు తీసుకుంటాడా అని? పోయాడమ్మా అని నువ్వు చెప్పావట కదా. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. అప్పుడే రాసుకున్నాను పేరు, మరిచిపోకూడదని."

డెనీస్ కుర్చీ జరిపిన చప్పుడైంది.

"మంచివాడమ్మా. నోరు చెడ్డదనుకో. నా వెనక వరసే కదా. రిఫరీని తిట్టడంలో అంత పనితనం ఉన్నవాణ్ణి నా జన్మలో చూళ్ళేదు. అదేదో టిన్నులో పోసి దాచుకోవలసింది. వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నప్పుడు మాత్రం నోరు కట్టుకునేవాడు. ఇదిగో, ఉల్లిపాయలేసి వండిన కూర. పొయ్యి మీద కాస్త వెచ్చబెట్టుకో. ఏమన్నా తింటున్నావా అసలు?"

"తింటున్నాను."

"తినాలి. మగవాడు పోయాడని పొయ్యి ఆర్పుకోకూడదు."

"మొరీన్..."

"చెప్పకు తల్లీ. ఏమీ చెప్పకు. నాకు తెలుసు."

వీధి తలుపు మూసుకుంది. నేను వెనకగది తలుపు తీశాను. డెనీస్ కూర గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది.

"నువ్వేనా?" అన్నాను.

"నేనే."

"నిన్నటినించీ ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు అని ఇల్లు పీకి పందిరేస్తుంటే నోరు మూసుకు కూర్చున్నావా?"

"నీకెప్పుడు గుర్తొస్తుందో చూద్దామని."

"నాకు గుర్తు రావలసిందేముంది?"

డెనీస్ గిన్నె బల్లమీద పెట్టింది. పెట్టి దాని మూత సర్దింది. సర్దిన మూతనే మళ్ళీ సర్దింది.

"ఆ రోజు నువ్వు లోపల పేకాటలో ఉన్నావు. తలుపు దగ్గర నిలబడి అడిగాను, క్లబ్బు నించి ఫోను, ఏం చెప్పమంటావని. ఇటు తిరగలేదు నువ్వు. చచ్చాడని చెప్పు అన్నావు. మళ్ళీ అడిగాను. చెవుడా నీకు, చచ్చాడని చెప్పి పెట్టెయ్ అన్నావు. చెప్పి పెట్టేశాను."

"మాటవరసకి అన్నమాట పట్టుకుని..."

"అవును. పట్టుకున్నాను."

"లోకంలో ప్రతివాడూ అంటాడు ఆ మాట! ఏ పెళ్ళామూ నిజంగా చెప్పదు!"

"ఆ పిల్లకి చెప్తుంటే నాకు అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు, గ్లెన్."

నేను పదహారేళ్ళకే బడి మానేసి బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి. చదువు లేదు గానీ నోటికి కొదవ లేదు. ఆ నోరు ఆ పూట అక్కరకి రాలేదు.

వెనకగదిలోకి పోయి కూర్చున్నాను.

ఈ గది గురించి ఊళ్ళో అనేమాటలు నాకు తెలుసు. గ్లెన్ గుహలో పడుకున్నాడంటారు. అననీ. ఇక్కడ ఒక టీవీ, ఒక కంప్యూటరు. టీవీలో ఏదో ఒక ఆట ఎప్పుడూ ఉంటుంది. శీతాకాలం బాణాలు విసిరే పోటీలు, వసంతంలో స్నూకర్, వేసవిలో క్రికెట్. స్నూకర్ నాకు ప్రాణం. ఒకడు ఆడుతుంటే రెండోవాడు కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగాలి తప్ప కిక్కురుమనకూడదు. మనుషులంతా అలా ఉంటే లోకం బాగుండేది. కంప్యూటర్లో పోకర్ పేకాట. చిల్లర పందేలే. ఎదుటివాళ్ళ మొహాలు కనిపించవు. వాళ్ళు ఎంతసేపు ఆలోచించారన్నది ఒక్కటే కనిపిస్తుంది. టక్కున పందెం కాస్తే ఒక అర్థం, నానబెట్టి కాస్తే ఇంకో అర్థం. ఆ నానబెట్టడం చూసి మనిషిని చదవడంలో నేను గట్టివాణ్ణి.

డెనీస్ మౌనాన్ని మాత్రం ఎప్పుడూ చదవలేకపోయాను. గదిలోకి పోయి మంచినీళ్ళు తాగి వస్తే అయిపోతుందనుకునేవాణ్ణి.

ఈ పొద్దున కూడా కంప్యూటర్లో పోకర్ బల్ల దగ్గర రోజూ కలిసేవాళ్ళే ఉన్నారు. నిన్న మా ఊళ్ళో నేను చచ్చిపోయానని, జనం చప్పట్లు కొట్టారని రాశాను. ఫిన్లండ్ ఆవిడ ఒకామె ఉంది, ఎప్పుడూ ఆమే గెలుస్తుంది. 'ఆత్మకి శాంతి కలగాలి. నీ వంతు వచ్చింది, త్వరగా ఆడు,' అని రాసింది.

నిన్నటినించీ నాతో సవ్యంగా మాట్లాడినది ఆమె ఒక్కతే.

రాణులు రెండు వచ్చాయి నాకు. పందెం పెంచబోతున్నాను. వీధి తలుపు గంట మోగలేదు. ఎవరో పిడికిలితో కొట్టారు.

ఆ కొట్టడం నాకు తెలుసు. చిన్నప్పుడు స్నానాలగది తలుపు అలాగే కొట్టేవాడు.

లేచి చెక్క తలుపు సందులోంచి చూశాను. రస్సెల్ ముందుగదిలోకి వచ్చేశాడు. నల్లసూటు వేసుకున్నాడు, నాన్న అంత్యక్రియలకి కొన్నది. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. చేతుల్లో ఏమీ లేదు. ఆ ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకీ వెనక్కీ మారుస్తున్నాడు. నాన్న పోయాక మా ఇంట్లో అడుగుపెట్టడం ఇదే.

"రస్సెల్," అంది డెనీస్. "ముందు కూర్చో. నేను చెప్పేది విను."

"నన్ను చెప్పనీ. బస్సులో వస్తూ అంతా కూడబలుక్కుని వచ్చాను. ఆపితే మళ్ళీ రాదు."

"అది కాదు..."

"నాకెందుకు చెప్పలేదని అడగనమ్మా. వాడే వద్దని ఉంటాడు. వాడు పోతే నేను తెర మీద చూసి తెలుసుకోవలసి వచ్చింది. బాగుంది. నాకా శిక్ష పడాల్సిందే."

డెనీస్ తల తిప్పి నేరుగా ఈ తలుపు వైపు చూసింది. సందులోంచి నా కన్ను ఆమెకి కనిపించే ఉంటుంది. ఆ చూపుకి అర్థం మాత్రం నాకు తెలిసింది. బయటికి రా అని.

నేను చెయ్యి అడ్డంగా ఊపాను. ఆగు అని. చచ్చినవాడి గురించి అన్న ఏమంటాడో వినే అవకాశం ఎవడికొస్తుంది? నిన్న వాడెందుకు లేవలేదో వాడి నోటితోనే వినాలి నేను.

డెనీస్ పెదవులు బిగించింది. తరవాత రస్సెల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లిగా ఎదురుగా కూర్చుంది.

"చెప్పు," అంది. ఆ మాట వాడితో అన్నదో నాతో అన్నదో.

"ఎలా పోయాడు?"

"మెల్లిగా," అంది డెనీస్. "చాలా రోజులు పట్టింది."

రస్సెల్ తలూపాడు. తలెత్తి గోడకేసి చూశాడు. గోడ మీద ఫొటోలో నాన్నా, నేనూ, వాడూ తూర్పు గ్యాలరీలో కూర్చుని ఉన్నాం, నాన్న మధ్యలో. ఆ ఫొటో ఇంకా తీయలేదని వాడు ఇప్పుడే చూశాడు.

"నాన్న పోయినరోజు గురించి వాడు నీకేం చెప్పాడు?"

"అందరికీ చెప్పిందే. నాన్న ఇక్కడ పోతుంటే నువ్వు అక్కడ మ్యాచ్ చూస్తున్నావని."

"చూస్తున్నాను. అబద్ధం కాదు."

"సమాధి దగ్గర అందరి ముందూ అన్నాడు కదా. నువ్వు ఒక్కమాట తిరిగి అనలేదు. అప్పుడే అనుకున్నాను."

"ఏమని?"

"ఏదో ఉందని."

రస్సెల్ మోకాళ్ళు రుద్దుకున్నాడు. "నాన్నకి చూపు పోయింది కదా. ఆ వెనకగదిలో మంచమేసి టీవీ పెట్టినా ఆయనకి ప్రయోజనం లేదు. ఆ వ్యాఖ్యాత ఒట్టి వెధవరా, ఎవరు ఎక్కడున్నారో చెప్పడు, నువ్వెళ్ళు, నువ్వు చెప్తుంటే నేను చూస్తాను అన్నాడు. గ్యాలరీలోంచి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. ఎడమ పక్కనించి వస్తున్నాడు నాన్నా, ఇద్దర్ని దాటాడు, కొట్టాడు, ఛ, బయటికి పోయింది. ఇలా. ఫోన్ దిండుమీద చెవి పక్కన పెట్టుకునేవాడు."

ఫోన్ సంగతి నాకు తెలుసు. దిండు మీద ఉండేది. నాన్న నిద్రపోయాడనుకున్నాను. నిద్రపోయినట్టే ఉన్నాడు. ఎవరైనా అలాగే అనుకునేవారు.

"ఆ రోజు రెండో సగంలో ఆయన ఊపిరి మారింది. నాకు వినిపించింది. ఒకటి తీస్తాడు, చాలాసేపు ఉండదు, మళ్ళీ తీస్తాడు. నాన్నా వింటున్నావా అన్నాను. గదిలో గ్లెన్ గొంతు వినిపిస్తోంది. చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని గట్టిగా మాట్లాడతాడు చూడూ, అలా. కాయరా, కాయరా పిరికి వెధవా, అని ఎవడితోనో అంటున్నాడు. ముక్కలు ఆడుతున్నాడు. నేను అరిచాను డెనీస్. గ్లెన్, గ్లెన్, నాన్నని చూడరా అని ఫోన్లో అరిచాను. గ్యాలరీ అంతా నా వైపు తిరిగింది. మొరీన్ వచ్చి భుజం పట్టుకుంది. వాడికి వినిపించలేదు."

డెనీస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"తరవాత ఊపిరి లేదు. గ్లెన్ గొంతు మాత్రం ఉంది. గెలిచినట్టున్నాడు, నవ్వాడు."

నేను తలుపు చెక్కకి నుదురు ఆనించాను. నవ్వలేదు. నవ్వానేమో. ఏ మనిషికి గుర్తుంటుంది, పేకలో ఎప్పుడు నవ్వాడో ఎప్పుడు తిట్టాడో. ఆయన డాక్టర్లు చేతులెత్తేసిన మనిషి. నేను చూసి ఉంటే మాత్రం ఏం చేసేవాణ్ణి? చెయ్యి పట్టుకునేవాణ్ణి. అంతే కదా.

అంతే కదా అనుకున్నాను గానీ అక్కడినించి ముందుకి వెళ్ళలేకపోయాను.

"ఫోన్ పెట్టేశావా?" డెనీస్ గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"లేదు. పోయేవాళ్ళకి చెవులు ఆఖర్న పోతాయంటారు. అందుకని చెప్తూనే ఉన్నాను. మ్యాచ్ అయిపోయేదాకా. బంతి మధ్యకొచ్చింది నాన్నా, మనవాళ్ళదే, మెల్లిగా ఆడుతున్నారు, ఆధిక్యం ఉందిగా, తొందర లేదు. ఆ రోజు మనం ఓడిపోతున్నాం డెనీస్. నేను గెలిపించాను."

డెనీస్ ఏడుస్తోంది. చప్పుడు లేకుండా.

"ఇదంతా వాడితో ఎందుకు అనలేదంటావా? సమాధి దగ్గర వాడలా అంటుంటే నాలిక చివరిదాకా వచ్చింది. అంటే వాడు ఏమయ్యేవాడు? వాడు పైకి అంత నోరు గానీ లోపల గుజ్జు. చిన్నప్పటినించీ అంతే. ఈ మాట విన్నాక వాడు మళ్ళీ నిద్రపోయేవాడా? సరే, నన్ను తిట్టుకుని బతకనీ అనుకున్నాను. బతికినన్నాళ్ళు బతికాడు. ఇప్పుడు చెప్పినా నొచ్చుకునేవాడు లేడు. అందుకని నీకు చెప్తున్నాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు..."

మాట అక్కడ తెగిపోయింది. పెద్ద మనిషి. బస్సు డిపోలో మెకానిక్కుగా ముప్ఫైయేళ్ళు చేసిన మనిషి. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

నేను తలుపు తియ్యకూడదు. అప్పుడు నాకు తోచిందదే. పెరటి తలుపులోంచి బయటికి పోవచ్చు. వీధి చివరి సారా కొట్టు తెరిచే వేళవుతోంది. వాడు వెళ్ళిపోయేదాకా అక్కడ కూర్చోవచ్చు. సోమవారం క్లబ్బువాళ్ళు పొరపాటైందని ఎలాగూ చెప్తారు. నేను బతికున్నానని వాడికి అప్పుడు తెలుస్తుంది, ఇదంతా నేను విన్నానని మాత్రం తెలియకుండానే.

ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

"గ్లెన్," అంది డెనీస్. గొంతు పెంచలేదు. అన్నానికి పిలిచినట్టు పిలిచింది. "బయటికి రా. మీ అన్న వచ్చాడు."

రస్సెల్ మొహం మీదనించి చేతులు తీశాడు. మొదట డెనీస్‌కేసి చూశాడు, మతి పోయిందేమో అన్నట్టు. తరవాత తలుపుకేసి.

తీశాను.

గౌనులో, గడ్డంతో, చెప్పుల్లేకుండా నిలబడ్డాను. వాడు లేవలేదు. నన్ను కిందినించి పైదాకా చూశాడు. మొహంలో రంగు ఒక్కసారి వచ్చింది. ఒక్క లిప్తపాటు, ఒట్టేసి చెప్తాను, వాడి మొహం సంతోషంతో వెలిగింది. అప్పుడే నేను ఏదైనా మంచి మాట అని ఉంటే సరిపోయేది.

"నిన్న అందరూ లేచారు," అన్నాను. "నువ్వొక్కడివే లేవలేదు."

ఎందుకన్నానో తెలియదు. నిన్నటినించీ గొంతులో ఉన్న మాట అదొక్కటే. అదే బయటికొచ్చింది.

"కాళ్ళు ఆడలేదురా," అన్నాడు రస్సెల్.

ఆ తరవాత ఆ వెలుగు పోయింది. తలుపుకేసి చూశాడు, నాకేసి చూశాడు, తలుపుకీ వాడి కుర్చీకీ మధ్య ఎంత దూరముందో కొలిచినట్టు చూశాడు.

"ఎప్పటినించి నిలబడ్డావక్కడ?"

"నువ్వొచ్చినప్పటినించీ."

"మొత్తం విన్నావా?"

తలూపాను.

"నువ్వు?" డెనీస్ వైపు తిరిగాడు. "వాడు అక్కడున్నాడని తెలిసే నన్ను చెప్పనిచ్చావా?"

"వస్తాడనుకున్నాను రస్సెల్. నువ్వాగిన ప్రతిసారీ వస్తాడనుకున్నాను. చెప్పబోతే నువ్వు ఆగలేదు."

"ఆగలేదు. నిజమే. నాదే తప్పు. నాదే ఎప్పుడూ."

"తెర మీద వేసింది క్లబ్బువాళ్ళు," అన్నాను. "నేను వెయ్యమనలేదు. నాకు తెలియదు."

"నిన్న మధ్యాహ్నంనించి తెలుసు కదా. ఫోన్ పనిచెయ్యడం లేదా?"

"నువ్వు లేవలేదు కదా, అందుకని..."

"ఆ మాట ఇంకోసారి అనకు."

గట్టిగా అనలేదు. అందుకే భయమేసింది. వాడు మెల్లిగా లేచాడు. పట్టని గుండీని పెట్టుకోబోయి వదిలేశాడు. కూడబలుక్కుని తెచ్చిన మాటలన్నీ అయిపోయినట్టున్నాయి. వీధి తలుపు పిడి మీద చెయ్యి వేశాక ఆగాడు.

"పొద్దున్న ఇక్కడికి రాకముందు అమ్మ దగ్గరికి వెళ్ళాను."

మా అమ్మ కొండ మీది వృద్ధాశ్రమంలో ఉంటుంది. ఆదివారం ఆదివారం రస్సెల్ వెళ్తాడు. నేను వాడు లేనప్పుడు వెళ్దామని ప్రతి వారం వాయిదా వేస్తుంటాను.

"చెప్పేశావా?" అన్నాను.

"ఇంకెవరో చెప్తే వినడం కంటే నేను చెప్తే మేలనుకున్నాను. మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి పట్టుకుని చెప్పాను."

డెనీస్ "అయ్యో దేవుడా" అంది.

"ఏడ్చిందా?"

"లేదు. ఒకటే అడిగింది. పోయేముందు మీ అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకున్నారా అని."

"నువ్వేమన్నావు?" అన్నాను.

"మాట్లాడుకున్నామమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం, అంతా సర్దుకుంది, నవ్వుకున్నాం కూడా అన్నాను. అప్పుడు ఏడ్చింది. అది విని కుదుటపడి ఏడ్చింది. పోన్లేరా, నాకదే చాలు అంది."

వాడు తలుపు తీశాడు. గేటుకి కట్టిన మఫ్లర్ గాలికి కొట్టుకుంటోంది.

"ఒకసారి చెప్పాను. రెండోసారి నా వల్ల కాదు. బతికున్నావని నువ్వే వెళ్ళి చెప్పుకో. ఆవిడ అడుగుతుంది, మరి మీరిద్దరూ మాట్లాడుకున్నారన్న సంగతేంటని. దానికీ నువ్వే చెప్పుకో."

గడప మీది పూలు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుని వెళ్ళిపోయాడు. ఎదురింటాయన మళ్ళీ టోపీ తీసి, వాడి వెనక గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, టోపీ తలకీ ఛాతీకీ మధ్య పట్టుకుని ఉండిపోయాడు.

డెనీస్ కోటు తెచ్చి నా చేతికిచ్చింది.

"నువ్వు రావా?" అన్నాను.

"రాను. ఏం చెప్తావు ఆవిడకి?"

"బతికున్నానని."

"అది చూస్తే తెలుస్తుంది. రెండోదానికి?"

బూట్లు వేసుకుంటున్నట్టు వంగి చాలాసేపు ఆ తాళ్ళతోనే గడిపాను. లేచి చూస్తే డెనీస్ ఇంకా అక్కడే ఉంది, జవాబు కోసం.

మాకు కారు లేదు. అమ్మ ఉండే కొండమీదికీ, రస్సెల్ ఇంటికీ వెళ్ళేది ఒకే బస్సు. ఆదివారాలు గంటకొకసారి వస్తుంది. గేటు దాటి చూస్తే వీధి చివర బస్టాపులో వాడొక్కడే ఉన్నాడు, వీపు మా ఇంటివైపు పెట్టి.